రైతు బజార్ చెత్తతో వేసిన కంపోస్టు కుప్ప వేడి 42 డిగ్రీలు దాటట్లేదు, ఏం మార్చాలి?

రోజుకు 500 కిలోల దాకా చెత్త వస్తోంది. ఎక్కువగా క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు, మెత్తబడ్డ టమాటాలు, అరటి గెల కాడలు. రెండంగుళాల ముక్కలు చేసి, మూడు తట్టల పచ్చి చెత్తకి ఒక తట్ట రంపపు పొట్టు, కాస్త పేడనీళ్లు కలిపి నాలుగడుగుల ఎత్తున పోస్తున్నాం. మూడు రోజులకోసారి తిరగేస్తున్నాం.

అయిదో రోజుకి 55 డిగ్రీలు దాటాల్సిన కుప్ప 42 దగ్గరే ఆగిపోతోంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ఇక్కడ వేళ్ల సందుల్లోంచి ధారే కారుతోంది. అడుగున నల్లటి జిగురు, కుళ్లిన గుడ్ల వాసన. గాలి ఆడట్లేదన్నది స్పష్టం. క్యాబేజీలో 90 శాతం పైగా నీరే కదా. రంపపు పొట్టు ఆ నీటిని పీలుస్తుంది గానీ తడిశాక అణిగిపోయి సందులు మూసేస్తోంది.

సగం పొట్టు బదులు వరి ఊక వేద్దామని ఆలోచన. ఊక నీరు పెద్దగా పీల్చదు, సందులు మాత్రం నిలబెడుతుంది. ఏ పాళ్లలో కలిపితే రెండూ కుదురుతాయి? వేరుశనగ తొక్కలు మేలా? ఆకుల్ని ఒక పూట ఆరబెడితే ఈగలు ముసురుతున్నాయి, దానికేం చేస్తున్నారు? అరటి కాడల నార ముక్కలు చేసే మెషీన్ (ష్రెడ్డర్) బ్లేడ్లకి చుట్టుకుంటోంది, ముందే అడ్డంగా నరికేస్తే సరిపోతుందా?

సున్నం చల్లమని మాత్రం చెప్పకండి. వాసన తగ్గినా నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.