అరవై ఐదు దాటిన అమ్మానాన్నల్ని హావ్‌లాక్ తీసుకెళ్ళడం తప్పా?

చందన_మలక్‌పేట:
అమ్మానాన్నలతో అండమాన్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఒకటే గొడవ. హావ్‌లాక్‌లో అమ్మకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే సముద్రం బాగాలేదని షిప్పులు ఆపేశారు. రెండు రోజులు అక్కడే చిక్కుకుపోయాం. "షుగరూ బీపీ ఉన్న అరవై ఏడేళ్ళ మనిషిని దీవి మీదకి ఎవరు తీసుకెళ్ళమన్నారు నిన్ను?" అని అన్నయ్య ఫోన్లో కేకలేశాడు. నిజంగా నాదే తప్పా? మీరు చెప్పండి.

తెల్లవారుజామున రెండింటికి లేచి శంషాబాద్ బయల్దేరాం. దిగిన రోజే సెల్యులార్ జైలు, రాత్రి అక్కడే లైట్ అండ్ సౌండ్ షో. మర్నాడు పొద్దున్నే హావ్‌లాక్ షిప్పు. మూడో రోజు ఎలిఫెంట్ బీచ్. అక్కడ స్పీడ్‌బోటు ఒడ్డు దాకా రాలేదు, మోకాలి లోతు నీళ్ళలో దిగి నడిచాం. దిగేటప్పుడు అలొచ్చి అమ్మ చేతిసంచీ మునిగింది. అమ్మ వారం రోజుల మాత్రలు గళ్ళ డబ్బాలో సర్దుకుంటుంది. రూముకొచ్చి మూత తీస్తే తెల్ల మాత్రా గులాబీ మాత్రా కలిసి పిండిముద్దలా ఉన్నాయి. వాటి పేర్లు అమ్మకి తెలీదు, నాకూ తెలీదు. డాక్టరు చీటీ హైదరాబాద్‌లో బీరువాలో ఉంది. ఆ రాత్రే వాంతులు మొదలయ్యాయి.

అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, చాలా బాగా చూసుకున్నారు. కానీ డ్యూటీ డాక్టరు "ఏం మందులు వాడతారమ్మా?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

శ్రీకాంత్_హన్మకొండ:
అక్కా, ఏమనుకోకు, నేను మీ అన్న దిక్కే. మా బాపుకు నాలుగేండ్ల కింద స్టెంట్ పడ్డది. ఆయనకు సముద్రమంటే మస్తు ఇష్టం, అయినా దీవికి తీస్కపోను. సూర్యలంక తీస్కపోతా, భీమిలి తీస్కపోతా. ఏ నడిరాత్రి ఏమన్నయినా కారెక్కిచ్చుకొని ఉరుకుత. హావ్‌లాక్‌ల షిప్పు ఆగితే నువ్వేం చేస్తవు?

2016 డిసెంబర్ల ఏమైందో యాదికున్నదా? వాయుగుండం పట్టి షిప్పులు బందైతే హావ్‌లాక్‌ల, దాని పక్క దీవి నీల్‌ల వెయ్యి మందికి పైగా టూరిస్టులు ఇరుక్కున్నరు. నేవీ ఓడలు పోయి తీస్కరావాల్సొచ్చింది. ఆ వాయుగుండమే వర్దా తుపానై చెన్నైని కొట్టింది. అందుల మన అమ్మలాంటోళ్ళు ఎంతమంది ఉన్నరో!

పోర్ట్‌బ్లెయిర్_సత్యం:
నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మా తాతగారు సోంపేట వైపు నుంచి వచ్చారు. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా ఇళ్ళలో ఇంకా పోర్ట్ బ్లెయిరే. హావ్‌లాకూ అంతే, 2018 నుంచి అది స్వరాజ్ ద్వీప్.

చెల్లమ్మా, అమ్మని తీసుకురావడం తప్పు కాదు. హావ్‌లాక్‌లో డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళు ఎంతమందో బతుకుతున్నారు. తప్పల్లా ఆ ప్యాకేజీలో ఉంది. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు చూడండి. రెండింటికి లేచిన మనిషిని రాత్రి దాకా తిప్పి, మర్నాడు పొద్దున్నే షిప్పెక్కిస్తే కుర్రాళ్ళకే కడుపు తిప్పుతుంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఎప్పుడు వాయుగుండం పుడుతుందో చెప్పలేం. జెట్టీ దగ్గర షిప్పులు లేవని బోర్డు పెట్టేస్తే ఇంక అంతే. మేమైతే మా అత్తగారిని ఫిబ్రవరిలోనో మార్చిలోనో తీసుకెళ్తాం, అప్పుడు సముద్రం చెరువులా ఉంటుంది.

ఇంకో మాట. చాలామంది చివరి రాత్రి దీవిలో పడుకుని, పొద్దున షిప్పులో వచ్చి, మధ్యాహ్నం విమానం ఎక్కుదామనుకుంటారు. అలా ఎప్పుడూ పెట్టుకోకండి. దీవులు ముందు చూసేసి, ఆఖరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండండి. జైలు ఎక్కడికీ పోదు, అది ఆఖర్నే చూడొచ్చు. పెద్ద ఆసుపత్రి జీబీ పంత్ ఇక్కడే ఉంది. హావ్‌లాక్ నుంచి ప్రభుత్వ డాక్టరు రాసిస్తే హెలికాప్టర్లో కూడా తెస్తారు, కాకపోతే గాలివాన పడితే అదీ లేవదు.

శ్రీకాంత్_హన్మకొండ:
అన్నా, నువ్వే చెప్తున్నవ్ గద, గాలివానకు హెలికాప్టర్ గూడ లేవదని. రెండు దినాలు ఎక్కువ పెట్టుకుంటే గుండెనొప్పి ఆగుతదా?

నర్సు_విజయనగరం:
శ్రీకాంత్ గారి భయం సబబే. ఈ మధ్యనే స్టెంట్ పడినవాళ్ళు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాళ్ళు దీవికి వెళ్ళకపోవడమే మంచిది. కానీ చందన గారి అమ్మగారికి వచ్చింది గుండెనొప్పి కాదు కదా. వాంతులూ విరేచనాలూ వయసు మళ్ళినవాళ్ళకి ఎక్కడైనా ప్రమాదమే, ఇంట్లో ఉన్నా ప్రమాదమే. వాళ్ళకి దాహం సరిగ్గా తెలీదు. "నీళ్ళు కావాలా?" అంటే వద్దంటారు, అప్పటికే నాలుక ఎండిపోయి ఉంటుంది.

విరేచనాలు అవుతున్నప్పుడు షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్, నీరు లాగే బీపీ మాత్రలు మామూలుగా వేసేసుకుంటే కిడ్నీల మీద పడుతుంది. ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది బయల్దేరే ముందే మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. సొంతంగా ఆపొద్దు. ఆ చీటీ ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, రెండు సెట్లు రెండు సంచుల్లో పెట్టండి.

ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్ళలో మొత్తం కలిపేసే ఆ పొడి ప్యాకెట్టే. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు కావు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. దానికోసం మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి కొట్లాడారు. షుగరు ఉన్నవాళ్ళకి ఆ డ్రింకులు ఇంకా చేటు. షిప్పు వాంతుల మాత్ర ఎక్కడానికి అరగంటో గంటో ముందే వేసుకోవాలి, మొదలయ్యాక మింగితే అదీ బయటికే వస్తుంది. దానివల్ల పెద్దవాళ్ళకి మగత, తూలు వస్తాయి. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి.

పోర్ట్‌బ్లెయిర్_సత్యం:
నర్సు గారికి ఒక్కటి కలుపుతాను. ఇంటికెళ్ళాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే అండమాన్ వెళ్ళొచ్చామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వానల్లో బురద నీళ్ళు తొక్కితే ఇక్కడ లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఒకప్పుడు దాన్ని అండమాన్ జ్వరం అనే అనేవారు.

సుభద్ర_రాజమండ్రి:
నాకు డెబ్బై ఒకటి. టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆ అమ్మనెవరైనా అడిగారా?

మూడేళ్ళ కిందట మా అబ్బాయి నన్ను హావ్‌లాక్ తీసుకెళ్ళాడు. ఎలిఫెంట్ బీచ్‌కి నేను రానన్నాను. రాధానగర్‌లో చెట్ల కింద కూర్చున్నాను. ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతుంటే ఆ ఇసక తడితడిగా మెరిసింది. నాకు అది చాలు.

అందరు అమ్మలూ నాలా రానని చెప్పరు తల్లీ. ఒంట్లో బాగాలేకపోయినా నోరు విప్పం. పిల్లలు అంతంత డబ్బు కట్టారు, మా వల్ల పాడైపోకూడదని దిగమింగుతాం. ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్ళిన రోజు పొద్దున మీ అమ్మకి ఎలా ఉందో అడిగి చూడు.

చందన_మలక్‌పేట:
సుభద్ర గారూ, అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, పొద్దున టిఫిను దగ్గరే కడుపులో తిప్పిందట. "ఒక్కొక్కళ్ళకీ అంత కట్టారు కదే, నా ఒక్కదాని కోసం అందరూ ఆగిపోతారా" అంది. జెట్టీ దగ్గర లైఫ్ జాకెట్ కడుతూ "బాగానే ఉన్నావా?" అన్నాను నేను. అప్పటికే బోటువాడు పిలుస్తున్నాడు. బాగున్నానంది, ఎక్కించేశాను. నన్ను ఇప్పుడు బాధపెడుతున్నది అదొక్కటే.

అన్నయ్యకి ఇది చదివి వినిపించాను. శ్రీకాంత్ గారిదే కరెక్టన్నాడు, ఇంకా కోపంగానే ఉన్నాడు. అమ్మ మాత్రం నీల్ చూడకుండానే వచ్చేశామని పదే పదే అంటోంది.

సత్యం గారూ, ఫిబ్రవరిలో అయితే, ఆఖర్న రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంచుకుని, నీల్‌లో జెట్టీకి దగ్గరగా మెట్లు లేని గది ఎక్కడైనా దొరుకుతుందా?