జబ్బు పేరు ముందు ఎవరికి చెప్పాలి: రోగికా, ఇంటివారికా?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు, బాగా చిక్కిపోయారు. స్కానింగు, బయాప్సీ చేయిస్తే జీర్ణాశయంలో క్యాన్సర్ అనీ, కాలేయానికి కూడా పాకిందనీ తేలింది. డాక్టరు గారు రిపోర్టు చూసి, నాన్నను బయట కూర్చోమని అన్నయ్యను మాత్రం లోపలికి పిలిచారు. అన్నయ్య, అమ్మ కలిసి నాన్నతో "కడుపులో పుండు, సెలైన్లు ఎక్కిస్తే తగ్గిపోతుంది" అన్నారు. వచ్చే వారం కీమో (క్యాన్సర్ మందులు ఎక్కించడం) మొదలుపెడతారు. నిన్న నాన్న ఫోనులో "నాకేమయిందో నీకైనా చెప్పారా అమ్మా?" అని అడిగారు.

శరీరం ఆయనది, జబ్బు ఆయనది, కాబట్టి ఆయనకు తెలియాలని నేను. తెలిస్తే నెల రోజులు కూడా బతకరని అన్నయ్య. ఇద్దరం నాన్న మీద ప్రేమతోనే పోట్లాడుకుంటున్నాం. ఇలాంటిది మీ ఇళ్లలో జరిగినప్పుడు ఏం చేశారు? ఏది న్యాయం?

పెద్దకొడుకు:
చెప్పకండమ్మా. మీ అన్నయ్య మాటే సరైనది.

మా అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని ఒక డాక్టరు ఆమె ముఖం మీదే చెప్పేశారు. గది తలుపు తెరిచే ఉంది, వెనక వరుసలో జనం నిలబడి ఉన్నారు. "క్యాన్సరమ్మా, రేడియేషన్ పెట్టించుకోవాలి, తరువాత ఎవరు?" అంతే. అప్పటికి నయమయ్యే దశలోనే ఉంది. అయినా అమ్మ ఇంటికి వచ్చి మంచమెక్కింది, మళ్లీ ఆసుపత్రి గడప తొక్కనంది. ఎంతమందిమి బతిమాలినా వినలేదు. జబ్బు కంటే ముందు ఆ మాటే ఆమెను చంపిందని ఈ రోజుకీ నమ్ముతాను.

రోగి హక్కు గురించి మాట్లాడేవాళ్లు ఒకటి ఆలోచించాలి. ఆసుపత్రిలో డబ్బు కట్టేది ఇంటివాళ్లు. రాత్రంతా కుర్చీలో కూర్చునేది, వాంతి ఎత్తేది ఇంటివాళ్లు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏ నిర్ణయమూ ఒంటరిగా తీసుకోరు. పెళ్లయినా, పొలం అమ్మకమైనా పదిమందిని కూర్చోబెట్టే తేలుస్తారు. ఒక్క చావు కబురు దగ్గర మాత్రం మనిషిని ఒంటరిని చేసి నిలబెట్టాలా? వైద్యుల నియమావళి కూడా, రోగి పరిస్థితి రోగికి, బంధువులకు లేదా బాధ్యత గల స్నేహితులకు తెలిసేలా చూడాలనే అంటుంది. రోగికే చెప్పి తీరాలని అందులో లేదు.

వార్డు సిస్టర్:
క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. పెద్దకొడుకు గారూ, మీ అమ్మగారికి జరిగింది అన్యాయం, ఆ మాటలో ఎవరికీ సందేహం ఉండనక్కరలేదు. అయితే ఆ అన్యాయం ఆమెకు నిజం తెలియడంలో ఉందా, తెలిసిన తీరులో ఉందా?

నేను రోజూ చూసేది రాస్తాను. రోగికి తెలియదని ఇంటివాళ్లు అనుకుంటూ ఉంటారు. తనకు తెలిసిపోయిందని ఇంటివాళ్లకు తెలియకూడదని రోగి అనుకుంటూ ఉంటారు. కీమో ఎక్కించే గదిలో పక్క మంచం వాళ్లు "మీకిది కీమోలో ఎన్నో విడత అండీ?" అని అడుగుతారు. జుట్టు రాలుతుంది. గేటు మీద అంతంత అక్షరాలతో ఆసుపత్రి పేరు ఉంటుంది. చదువురానివారు కూడా పోల్చుకుంటారు. మీ నాన్నగారు మాస్టారు. రిపోర్టు కవరు ఎప్పుడో ఒకసారి ఆయన చేతికి రాకుండా ఉంటుందా?

ఆ తరువాత భార్యను అడగరు, కొడుకును అడగరు, వాళ్లు ఏడుస్తారని. అర్ధరాత్రి సెలైన్ మార్చడానికి వెళ్లిన మమ్మల్ని అడుగుతారు. "నిజం చెప్పు తల్లీ, ఇది అదేనా?" అని. కేసు షీటు మీద "రోగికి చెప్పవద్దు" అని రాసి ఉంటుంది. అబద్ధం చెప్పే బరువు మా మీద పడుతుంది. చెయ్యి పట్టుకుని అడుగుతున్న మనిషికి "పొద్దున డాక్టరు గారు వస్తారు, ఆయన్ని అడగండి" అని చెప్పి వచ్చేయడం ఎంత కష్టమో మాకే తెలుసు.

ఇంకొకటి, ఇది ప్రాణం మీదకు వచ్చే విషయం. కీమో ఇచ్చాక, చాలా మందుల విషయంలో ఒకటి రెండు వారాల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా రాత్రికి రాత్రే ఆసుపత్రికి రావాలి. తనకు పుండు మాత్రమే ఉందనుకున్న మనిషి ఏం చేస్తారు? "కాస్త ఒళ్లు వెచ్చబడింది, పిల్లల్ని ఎందుకు కంగారు పెట్టడం" అని జ్వరం బిళ్ల వేసుకుని దుప్పటి కప్పుకుంటారు. అలా చేసి మరునాడు మధ్యాహ్నానికి బీపీ పడిపోయి వచ్చినవారిని చూశాను. వాళ్లు మొండివాళ్లు కారు. ఆ జ్వరం ఎంత పెద్ద సంగతో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

డల్లాస్ తెలుగు:
మా అత్తగారు ఇక్కడ అమెరికాలో మా దగ్గర ఉన్నప్పుడు రొమ్ములో గడ్డ బయటపడింది. "ముందు మాకు చెప్పండి" అని మేం అడిగాం. ఆమె అనుమతి లేకుండా వివరాలు మాతో చర్చించలేమని ఆసుపత్రివాళ్లు అన్నారు. మేం తర్జుమా చేస్తామంటే వద్దని, తెలుగు వచ్చిన దుబాషీని ఫోనులో పెట్టారు. మేం మాటలు వడకట్టి చెప్తామని వాళ్లకు బాగా తెలుసు. మా అత్తగారు అంతా విని, "ఇక మీదట లెక్కలన్నీ మా అబ్బాయికి చెప్పండి, నాకు నొప్పి లేకుండా చూడండి చాలు" అన్నారు. అదీ రాసుకున్నారు, అలాగే చేశారు.

అమెరికా మొదటి నుంచీ ఇలాగే ఉండేదని అనుకోకండి. 1961లో షికాగోలో 219 మంది వైద్యులను అడిగితే వారిలో దాదాపు 90 శాతం క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడానికే మొగ్గుచూపారు. 1979 నాటికి అలాంటి సర్వేలోనే 97 శాతం చెప్పడానికే మొగ్గారు. వాళ్లూ ఒకప్పుడు మనలాగే "తట్టుకోలేరు" అన్నవాళ్లే. కాబట్టి ఇదంతా మన సంస్కృతి, మారదు అనే వాదన నాకు నచ్చదు.

రైతుబిడ్డ:
మా నాన్నకు చెప్పలేదు. నాలుగు నెలలకు పోయారు. ఎవరికి ఎంత చేబదులిచ్చారో, ఎవరి దగ్గర ఎంత తెచ్చారో ఆయన తలలోనే ఉంది. నోటు లేని బాకీలు. రెండెకరాలు చెల్లెలి పేరున రాస్తానని ఎప్పుడూ అనేవారు, పంట చేతికొచ్చాక చూద్దామని ఆగారు. మేం ఆగనిచ్చాం. ఇప్పుడు ఆ రెండెకరాల దగ్గరే అన్నదమ్ములకూ ఆడపడుచుకూ మాటల్లేవు. తిరుపతి వెళ్లాలని కూడా అనేవారు, "తగ్గాక వెళ్దాం నాన్నా" అనేవాళ్లం. ఆయనకు ఉన్న టైమెంతో మాకు తెలుసు, ఆయనకు తెలియదు. పెద్దకొడుకు గారు డబ్బు కట్టేది మేమే అన్నారు. నిజమే. ఆ డబ్బు ఆయన పొలం మీదే తెచ్చాం.

కర్నూలు డాక్టరు:
ఉపశమన చికిత్సలో, అంటే పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే విభాగంలో పనిచేస్తున్నాను. కొంచెం వివరంగా రాస్తాను.

ముందు చట్టం సంగతి. పెద్దకొడుకు గారు చెప్పిన నియమావళి 2002 నాటిది. ఆయన చెప్పిన వాక్యం అందులో ఉన్న మాట నిజం. దాని పక్కనే, జబ్బు తీవ్రతను వైద్యుడు పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదని కూడా ఉంది. క్యాన్సర్‌ను పుండు అనడం తగ్గించడమే కదా. ఇక సమ్మతి విషయంలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన 44 ఏళ్ల మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. రోగి మేజరు, వివేకం ఉన్న మనిషి. ప్రాణాపాయం ముంచుకొచ్చిన స్థితి కానప్పుడు తల్లి సంతకం చెల్లదని కోర్టు అంది. కీమోకు మీ నాన్నగారు సంతకం పెట్టాలి. దేనికి పెడుతున్నారో తెలియకుండా పెట్టిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

చట్టం ఇలా ఉన్నా, చట్టాన్ని చూపించి అన్నయ్యను గెలవమని నేను సలహా ఇవ్వను. ఆయన భయం నిజమైనది. పెద్దకొడుకు గారి అనుభవమూ నిజమైనదే, మా వృత్తి దానికి తలదించుకోవాలి. ఒక రోగికి రెండు నిమిషాలు కూడా దొరకని ఓపీలో, తెరిచిన తలుపు దగ్గర చెప్తే ఎవరైనా కూలిపోతారు. చెడు కబురు ఎలా చెప్పాలో మా తరానికి ఎవరూ నేర్పలేదు. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణల మీద ప్రత్యేక శిక్షణ చేర్చారు. ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే బయటికి వస్తున్నారు.

చెడు కబురు చెప్పడానికి వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ తదితర వైద్యులు 2000లో ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులో అసలు కబురు నాలుగో మెట్టు. అంతకు ముందు కూర్చునే చోటు, పక్కన ఎవరుండాలి అన్నది చూసుకోవాలి. తన జబ్బు గురించి రోగికి ఇప్పటికే ఏం తెలుసో వినాలి. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆయననే అడగాలి. మనం దాటేసేది సరిగ్గా ఈ మూడో మెట్టునే. డల్లాస్ అత్తగారు "అబ్బాయికి చెప్పండి" అన్నారంటే అది ఆమె నిర్ణయం. అది కూడా హక్కే. తెలుసుకోకపోవడాన్ని రోగి ఎంచుకోవచ్చు. రోగి తరఫున ఇంకొకరు ఎంచుకోవడమే నాకు అభ్యంతరం.

పెద్దకొడుకు:
డాక్టరు గారూ, మీ మాట మర్యాదగా ఉంది, అందుకు సంతోషం. నా అనుమానం తీరలేదు. "ఎంత తెలుసుకోవాలని ఉంది?" అని అడిగారంటే చెప్పేసినట్టే కదా? మామూలు పుండుకు ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు? ఆ క్షణమే మనిషి గుండె జారిపోతుంది.

కర్నూలు డాక్టరు:
మీ అనుమానంలో బలం ఉంది. అందుకే ఆ ప్రశ్న ఫలితం వచ్చాక కాదు, బయాప్సీకి పంపే రోజే అడగాలి. అందరినీ అడగాలి. "రిపోర్టు వచ్చాక మీతో మాట్లాడమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా, అందరూ కలిసి కూర్చుంటారా?" అని. అప్పటికి ఫలితం ఎవరికీ తెలియదు కాబట్టి దాని వెనక దాచిందేమీ ఉండదు. నేను అలాగే చేస్తున్నాను. "నాకే చెప్పండి" అనేవారు ఇంటివాళ్లు ఊహించిన దానికంటే ఎక్కువమందే ఉంటారు. "మా ఆయనకు చెప్పండి" అనే ఆడవాళ్లూ ఉంటారు. అక్కడ కొంచెం ఆగి, ఒంటరిగా మరోసారి అడుగుతాను. భర్త పక్కన ఉన్నప్పుడు వేరే జవాబు చెప్పే ధైర్యం అందరికీ ఉండదు.

తెనాలి అమ్మాయి గారి విషయంలో ఆ రోజు దాటిపోయింది. ఇప్పుడైతే "మీకేమనిపిస్తోంది నాన్నా?" అనే దగ్గర మొదలుపెట్టాలి. ఆయన ఫోనులో అడిగేశారు కాబట్టి సగం తలుపు ఆయనే తీశారు. "ఎన్నాళ్లు ఉంటాను?" అనే ప్రశ్న మాత్రం అడిగితేనే మాట్లాడాలి. అడగని లెక్క ఎవరి మీదా రుద్దకూడదు.

పెద్దకొడుకు:
బయాప్సీకి ముందే అడగడం బాగుంది. మా అమ్మను అలా అడిగి ఉంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. అయినా ఇంట్లో ఒక్కరు కూడా ఒప్పుకోని చోట డాక్టరే ముందుకెళ్లి చెప్పేయడానికి నేను ఇప్పటికీ వ్యతిరేకినే.

తెనాలి అమ్మాయి:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ చర్చంతా అన్నయ్యకు చదివి వినిపించాను. జ్వరం సంగతి దగ్గర ఆగిపోయి, మళ్లీ చదవమన్నాడు. నాన్నకు చెప్పడానికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కీమోకు ముందు డాక్టరు గారిని మరోసారి కలుద్దామని, నాన్న అడిగితే మాట దాటేయనని మాత్రం అన్నాడు. అమ్మే, లోపల కూర్చోలేనంటోంది. ఏడుపు ఆపుకోవడం తన వల్ల కాదట. అమ్మ లేకుండా వెళ్లడం మంచిదేనా?

వార్డు సిస్టర్:
అమ్మగారు రావాలో వద్దో మీ నాన్నగారినే అడగండి. ఏడ్చినా ఫరవాలేదు, మా వార్డులో రోజూ చూస్తాం. ఓపీ రద్దీలో వద్దు, అయిపోయాక పది నిమిషాలు కావాలని ముందురోజే అడిగి పెట్టుకోండి. జ్వరం వస్తే రాత్రిపూట ఏ నంబరుకు చేయాలో ఆ రోజే రాయించుకుని నాన్నగారి చేతికి ఇవ్వండి, అన్నయ్య ఫోనులో మాత్రమే ఉంటే చాలదు.