ఒంటరిగా ఊరెళ్లినప్పుడు క్రాఫ్ట్ బీరు పబ్‌కి వెళ్లడం: రుచి కోసమా, డబ్బు దండగా?

వార్ధా_గట్టు (బల్లార్‌పూర్)
ఆఫీసు పని మీద పుణె, హైదరాబాద్ ఒక్కదాన్నే వెళ్తుంటాను. సాయంత్రం లాడ్జి గదిలో టీవీ చూస్తూ కూర్చునే కన్నా, అక్కడికక్కడే బీరు కాచి అమ్మే పబ్ దగ్గర్లో ఉంటే వెళ్లి తినడం నాకిష్టం. ఈ మాట వేరే చర్చలో అంటే "ఒక్కతే పబ్‌కి వెళ్లడమేంటి, డబ్బు దండగ" అని కొట్టిపారేశారు. అందుకే విడిగా అడుగుతున్నాను.

నన్నడిగితే ఒంటరిగా వెళ్తేనే రుచి తెలుస్తుంది. గుంపుగా వెళ్తే అందరికీ కలిపి ఒక పెద్ద జగ్గు తెప్పిస్తారు, కబుర్లలో అదెప్పుడు ఖాళీ అయిందో కూడా తెలియదు. ఒక్కదాన్నే ఉంటే కౌంటర్ దగ్గర కూర్చుని శాంప్లర్ అడుగుతాను. చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు వస్తాయి. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన ఉంటుంది. అవి కలిపినందుకు కాదు, ఆ బీరుకి వాడే ఈస్ట్ దాన్ని పులియబెట్టేటప్పుడే ఆ వాసన పుడుతుంది. స్టౌట్ అనే రకం బీరు నల్లగా, కాఫీలా చేదుగా ఉంటుంది, బార్లీని బాగా మాడ్చి వేస్తారు కాబట్టి. నాకు నచ్చింది ఒక్క గ్లాసు తీసుకుని, భోజనం చేసి, గదికి వచ్చేస్తాను.

ధర్మాబాద్_మిర్చి (ధర్మాబాద్)
తినడానికి ఏం తీసుకుంటారక్కా? అది చెప్పండి ముందు.

కిన్వట్_మిత్రుడు (కిన్వట్)
మిమ్మల్ని లోపలికి రానిచ్చారు కాబట్టి రుచి గురించి రాస్తున్నారు. మగవాడు ఒక్కడే వెళ్తే ఏమవుతుందో నన్నడగండి. హైదరాబాద్‌లో ఒక పబ్ గుమ్మం దగ్గర "స్టాగ్ ఎంట్రీ లేదు సార్" అని, అంటే ఒంటరి మగవాళ్లను రానివ్వమని, ఆపేశారు. శుభ్రమైన షర్టు, షూ వేసుకునే వెళ్లాను. నా వెనకాల వచ్చిన జంటను నవ్వుతూ పంపించారు. డబ్బు దండగ అవునో కాదో తర్వాత, ముందు ఒంటరి మగవాడు మనిషి కాదా? దీనికి జవాబు చెప్పండి.

నల్లబంగారం (చంద్రపూర్)
మహారాష్ట్రలో తాగడానికి పర్మిట్ ఉండాలని చాలామందికి తెలియదు. 1949 నాటి చట్టం అది. ఒక రోజుకీ, ఏడాదికీ, జీవితకాలానికీ పర్మిట్లున్నాయి. బీరుకి 21 ఏళ్లు, విస్కీ లాంటి వాటికి 25 ఏళ్లు నిండాలి.

వార్ధా_గట్టు
మిర్చిగారూ, చేదు ఎక్కువుండే ఐపీఏ రకం బీరుతో మన కారం తినకండి. ఆ చేదు, ఆల్కహాల్ కలిసి మంటను ఇంకా పెంచుతాయి. చిల్లీ చికెన్ లాంటిదైతే గోధుమ బీరు హాయిగా ఉంటుంది. స్టౌట్‌తో వేయించిన మటన్ బాగుంటుంది. వేరుశనగ మసాలా ఎక్కడైనా దొరుకుతుంది కానీ దాంతోనే కడుపు నింపుకోవద్దు, ఉప్పుకి దాహమేసి ఇంకో గ్లాసు అడిగేలా చేస్తుంది. ముందు కాస్త గట్టి తిండి తినాలి. ఖాళీ కడుపున అయితే ఆల్కహాల్ తొందరగా ఎక్కుతుంది.

కిన్వట్ అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ నన్ను రానిచ్చారంటే మర్యాదగా చూశారని కాదు. "ఇంకెవరైనా వస్తున్నారా మేడం" అని అడిగినవాళ్లే మళ్లీ మళ్లీ అడుగుతారు.

కిన్వట్_మిత్రుడు
అడిగితే అడిగారు, కూర్చోనిచ్చారు కదా! నేను రోడ్డు మీద నిలబడ్డాను.

ప్రాణహిత_రేవు (సిరొంచ)
నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇంత వాసన, ఇంత రుచి అని వర్ణిస్తుంటే అదేదో పళ్లరసం అనిపిస్తోంది. లెక్క చూడండి. 5 శాతం బీరు 500 మిల్లీలీటర్ల గ్లాసులో 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేదీ సుమారు అంతే. ఎంత తక్కువ తాగినా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పెగ్గు తాగేవాణ్ణి తాగుబోతు అంటారు, గ్లాసు బీరు తాగేవాళ్లను రుచి తెలిసినవాళ్లు అంటారు. లివర్‌కి ఆ తేడా తెలియదు.

ధర్మాబాద్_మిర్చి
పెద్ద గ్లాసు లెక్క అది. అక్క చెప్పింది శాంప్లర్ కదా.

ప్రాణహిత_రేవు
శాంప్లర్ అయ్యాక ఒక గ్లాసు అని ఆమే రాసింది. మళ్లీ చదవండి.

వార్ధా_గట్టు
పిన్నిగారూ, మీ లెక్క నిజమే, నేను కాదనను. కానీ నేను రాసింది ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్ల గురించి. ఆడపిల్ల ఒక్కతే కూర్చుని తింటోందనేది మీకు కష్టంగా ఉంటే ఆ మాటే అనండి. లివర్‌ని మధ్యలోకి తేవద్దు.

ప్రాణహిత_రేవు
ఆడా మగా అని నేను అన్నానా? నేను అనని మాట నాకు అంటగట్టకు. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యం బంద్. ఎవరో పైనుంచి దయతలిచి ఇచ్చింది కాదు, ఊరూరా ఆడవాళ్లు సభలు పెట్టి తీర్మానాలు చేస్తే వచ్చింది. మా అమ్మ ఆ సభల్లో కూర్చుంది. ఆ తర్వాతే మా ఇంట్లో జీతం డబ్బు చేతికందింది. ఇప్పుడు సాయంత్రమైతే మా వీధి కుర్రాళ్లు వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళ్తున్నారు. వాళ్లకు తాగుడంటే సిగ్గు లేదు, ఎందుకంటే ఫోన్లో అందరూ నీలాగే రాస్తున్నారు. మన ప్రాంతం వాళ్లు చదివే చోట ఇలా రాయవద్దని అడుగుతున్నాను, అంతే.

వార్ధా_గట్టు
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మా చంద్రపూర్ జిల్లాలో కూడా 2015లో బంద్ పెట్టి 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లూ మా నాన్న ఒక్కరోజు మానలేదు. సీసా రెట్టింపు ధరకు ఇంటికే వచ్చేది. ఆయన స్నేహితులతో మా ముందు గదిలో కూర్చుంటే అమ్మ మంచింగ్ కోసం చేపలు వేయించేది, నేను గ్లాసులు కడిగేదాన్ని. నలుగురిలో తాగాడు కాబట్టి ఎవరూ తప్పనలేదు. ఎప్పుడు ఆపాలో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు. నేను నా డబ్బుతో, ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండా, ఒక గ్లాసుతో ఆపి నా కాళ్ల మీద నడిచి వస్తున్నాను. ఈ మాట దాచిపెడితే కుర్రాళ్లకు కనిపించేది మా నాన్న లాంటి తాగుడు ఒక్కటే.

నల్లబంగారం
బంద్ టైములో ధర సంగతి మాత్రం నిజం. మా వైపూ అంతే.

ప్రాణహిత_రేవు
మీ అమ్మ సంగతి చదివాక నీ మీద కోపం లేదు తల్లీ. కానీ మీ నాన్న మానలేదు కాబట్టి బంద్ తప్పు అనకు. బంద్ సరిగా అమలు చేయని వాళ్లను అను. ఒక గ్లాసుతో ఆపడం నీకు సాధ్యమైంది. నా వార్డుకి వచ్చేవాళ్లలో చాలామంది ఒక గ్లాసుతోనే మొదలుపెట్టారు.

వార్ధా_గట్టు
బంద్ తప్పని నేను అనలేదు, మీ జిల్లాలో ఎత్తేయమనీ అడగను. నా రాతలు మాత్రం ఆపను పిన్నిగారూ. మీ పెగ్గు లెక్కను ఇకపై ప్రతిసారీ కింద రాస్తాను. చదివేవాళ్లకు అది తెలియాలి.

ప్రాణహిత_రేవు
లెక్క పైన రాయి, కింద కాదు.

కిన్వట్_మిత్రుడు
నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. స్టాగ్ అని ఆపేసే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు?

ధర్మాబాద్_మిర్చి
శనివారం రాత్రి కాకుండా పనిదినం మధ్యాహ్నం వెళ్లి చూడు అన్నా. భోజనం వేళకి ఆపరు. నన్ను ఆపలేదు.