100 వేగంలో ఇంజన్ ఇంతలా అరవాలా?

నా పాత కారుకు నాలుగే గేర్లు. టాప్‌లో 100 కిలోమీటర్ల వేగంలో టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్) ముల్లు 3,800 దగ్గర వణుకుతోంది. పక్క సీట్లో వాళ్ల మాట వినపడదు. క్లచ్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉందండి.

జవాబు: టాప్ గేర్లో 60లో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ముల్లు ఎగిరినా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే.

తొక్కి చూశాను, రెండూ కలిసే పెరిగాయి.

మరో జవాబు: అయితే క్లచ్ జోలికి వెళ్లకండి, అనవసరంగా గేర్‌బాక్స్ దింపిస్తారు. టైరుకు సుద్దతో గీత పెట్టి, ఒక్క చుట్టు కారు తోసి దూరం కొలవండి. 1.8 మీటర్లు వస్తే, 100లో చక్రం నిమిషానికి సుమారు 926 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ రేషియో 4.1 (చక్రం ఒక్క చుట్టుకు గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ 4.1 చుట్లు), టాప్ గేర్ 1:1 (ఇంజన్, ఆ షాఫ్ట్ ఒకే వేగం) అయితే 926 × 4.1, అంటే ఇంజన్ సుమారు 3,800 తిరగాల్సిందే. వేగం మాత్రం జీపీఎస్‌లో చూడండి.

కొలిచాను, సరిగ్గా 1.8! రేషియో కూడా 4.1 అనే ఉంది. ప్రాణం లేచొచ్చిందండి.