హెచ్‌డీఆర్‌ని ఈఎక్స్ఆర్ చేస్తే సూర్యుడు చచ్చిపోతున్నాడు, ఎవరన్నా చెప్పండి

చీమకుర్తి స్లాబు: పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, తల వాచిపోయింది. కొత్తపట్నం బీచ్‌లో తీసిన 360 ఫొటో, హెచ్‌డీఆర్ ఫైలు (తెలుపు దాటిన వెలుగు కూడా దాచుకునేది). ఈఎక్స్ఆర్‌లోకి (అదీ అలాంటి ఫైలే) మారిస్తే ఎండే లేదు. ఆ ఫొటో వెలుగులో గెలాక్సీ గ్రానైట్ రెండర్ చేస్తే (కంప్యూటర్లో బొమ్మగా తీస్తే) బంగారు చుక్కలు మెరవాల్సింది పోయి, రాయి మీద పిండి చల్లినట్టుంది. నీడలు కూడా పడట్లేదు. ఏం చేయాలి?

ఒంగోలు గిత్త: దేంతో మార్చావు?

కెమెరా మామ: అసలు సూర్యుణ్ణి ఎట్టా తీశావబ్బాయ్? ఎండలో మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలిపితే సూర్యుడు రాడు. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే అద్దం) వేసి, షట్టర్ స్పీడు బాగా పెంచుకుంటూ పోవాలి. ఫోన్లో హెచ్‌డీఆర్ అని నొక్కితే వచ్చేది హెచ్‌డీఆర్ కాదు. ఈ కాలం పిల్లలకి బ్రాకెటింగ్ (ఎక్స్‌పోజర్ మార్చి మార్చి తీయడం) అంటేనే బద్ధకం.

చీమకుర్తి స్లాబు: ఫోన్ కాదు మామా. హెచ్‌డీఆర్ ఫైల్లో ఎండ బానే ఉంది. మార్చాకే పోతోంది.

నెల్లూరు పిక్సెల్: బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్) హెచ్‌డీఆర్‌ని నేరుగా తీసుకుంటుంది. మార్చడం ఎందుకు?

చీమకుర్తి స్లాబు: హైదరాబాద్ పార్టీ ఈఎక్స్ఆరే కావాలన్నారన్నా. ముందు పేరు చివర ఎక్స్‌టెన్షన్ మార్చి చూశా, తెరుచుకోలేదు. తర్వాత ఫొటో సాఫ్ట్‌వేర్‌లో 16 బిట్ టిఫ్ (మామూలు ఫొటో ఫైలు) చేసి, దాన్ని ఈఎక్స్ఆర్ చేశా.

ఒంగోలు గిత్త: టిఫ్ సంగతి ముందే చెప్పొచ్చుగా! ఎండ పోయింది అక్కడే.

చీమకుర్తి స్లాబు: ఈఎక్స్ఆర్ కూడా 16 బిట్టే కదా? టిఫ్‌కి గరిష్ఠం 65535, దీనికి 65504. తేడా 31. దానికే సూర్యుడు పోతాడా?

ఒంగోలు గిత్త: ఆ రెండు అంకెలకీ సంబంధం లేదు నాయనా. నీ టిఫ్‌లో 65535 అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లు. తెలుపు దాటింది ఏదైనా కత్తిరించేస్తుంది. ఈఎక్స్ఆర్‌లో 16 బిట్ అంటే హాఫ్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య), తెలుపుకి 65504 రెట్ల దాకా దాచుకుంటుంది. కావాలంటే ఎక్స్‌పోజర్ పది స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు సగం) దించి చూడు. అసలు ఫైల్లో సూర్యుడు ఇంకా వెలుగుతుంటాడు, నీ దాంట్లో మేఘాలతో పాటే చీకటైపోతాడు.

కెమెరా మామ: ఫ్లోట్‌ని 16 బిట్ అనడమే తప్పు. హెచ్‌డీఆర్ ఫైలంటే గ్రెగ్ వార్డ్ చేసిన రేడియన్స్ సాఫ్ట్‌వేర్‌ది. పిక్సెల్‌కి నాలుగు బైట్లు, మూడేమో మూడు రంగులకి, నాలుగోది మూడింటికీ ఉమ్మడి ఘాతం. ఈఎక్స్ఆర్‌ని ఐఎల్ఎం (సినిమా గ్రాఫిక్స్ కంపెనీ) 2003లో అందరికీ ఇచ్చింది. అప్పట్లో మేము...

నెల్లూరు పిక్సెల్: మామా, హాఫ్ కూడా 16 బిట్టే. తప్పేం లేదు.

కెమెరా మామ: బిట్లు సరే, పేరు వేరు అంటున్నా.

నెల్లూరు పిక్సెల్: బ్లెండర్ ఇమేజ్ ఎడిటర్‌లో అసలు హెచ్‌డీఆర్ తెరువు. సేవ్ యాజ్, ఓపెన్‌ఈఎక్స్ఆర్, ఫుల్ ఫ్లోట్ (32 బిట్), జిప్. డీడబ్ల్యూఏఏ వద్దు, అది నష్టంతో కుదిస్తుంది. హాఫ్ పెడితే, సూర్యుడు 65504 దాటితే ఆ పైన వెలుగు నిలవదు.

చీమకుర్తి స్లాబు: వచ్చాడు సూర్యుడు. చుక్కలు మెరుస్తున్నాయి. థాంక్స్ అన్నా. ఫైలే మరీ పెద్దదైంది, మెయిల్లో పోవట్లేదు.

కెమెరా మామ: ఇంతకీ ఎన్ని ఎక్స్‌పోజర్లు తీశావో చెప్పలేదు.

ఒంగోలు గిత్త: ఆ గెలాక్సీ అడుగు ఎంత పడుద్ది? మా వంటగట్టుకి కావాలి.