అప్‌డేట్: నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు బంగారు నానోకణాల చికిత్స

బంగారు నానోకణాలు (కంటికి కనిపించనంత చిన్న రేణువులు), లేజరు కలిపి చేసే చికిత్స మా నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు పనికివస్తుందా అని లోగడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. బయాప్సీ, ఎమ్మారై రిపోర్టులు తీసుకుని నేరుగా యూరాలజిస్టునే అడగమన్న సలహా మేలు చేసింది.

ఆయన చెప్పిన ప్రకారం, సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) గుళికకు బంగారు పూత వేసిన, సుమారు 150 నానోమీటర్ల ఈ కణాలను సెలైన్ లాగా రక్తంలోకి ఎక్కిస్తే, కణితిలో సరిగా అల్లుకోని రక్తనాళాల గుండా అవి కారి అక్కడ పోగుపడతాయి. తరువాత ప్రోస్టేట్ గ్రంథిలోకి పంపిన సన్నని లేజరు తీగ నుంచి వచ్చే పరారుణ కాంతిని పీల్చుకుని వేడెక్కి, చుట్టుపక్కల కణజాలాన్ని చాలావరకు వదిలి కణితిని మాడ్చివేస్తాయి. 2019లో అమెరికాలో వెలువడిన ట్రయల్ ఫలితాల్లో 16 మందిలో 15 మందికి ఇది విజయవంతంగా జరిగింది. అయితే వారందరి వ్యాధీ గ్రంథి లోపలికే పరిమితమైనది. నాన్నగారిది గ్రంథి దాటిందని ఎమ్మారైలో తేలింది. ఆ మాట జీర్ణించుకోవడానికి మాకు కొన్ని రోజులు పట్టింది. అందుకే ఈ చికిత్స కాకుండా ఇప్పుడు హార్మోను ఇంజెక్షన్లు, రేడియేషన్ నడుస్తున్నాయి.

ఈ చికిత్స తరువాత ఒంటికి ఎండ తగలకూడదేమోనని కూడా భయపడ్డాను. ఆ జాగ్రత్త ఫోటోడైనమిక్ చికిత్సలో (కాంతి పడితే పనిచేసే మందులతో చేసే వేరే చికిత్స) వాడే మందులకు సంబంధించినది, ఈ కణాలకు కాదు. కొందరు సూచించిన స్వర్ణభస్మం అనే ఆయుర్వేద మందుకు కూడా దీనితో సంబంధం లేదు.