నాట్ ఓన్లీ తర్వాత డిడ్ ఎందుకొస్తుంది? పాత పోయెమ్స్‌లో వర్బ్ చివర్లో ఎందుకుంటుంది?

హాస్టల్_హరి:
హాయ్ అండి అందరికీ. బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, అమీర్‌పేట్‌లో హాస్టల్. ఎర్రర్ స్పాటింగ్‌లో ఒక టైపు క్వశ్చన్ ఎప్పుడూ తగులుతోంది. "నాట్ ఓన్లీ హీ పాస్డ్ ద ఎగ్జామ్" అంటే తప్పట, "నాట్ ఓన్లీ డిడ్ హీ పాస్" అనాలట. ఎందుకు అని అడిగితే రూల్ అంతే గుర్తుపెట్టుకో అంటారు తప్ప ఎవరూ చెప్పరు. ఇంకోటి, మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ పోయెమ్స్ బుక్ చవగ్గా దొరికితే కొన్నా, అందులో కోల్‌రిడ్జ్‌ది "ఇన్ జనడూ డిడ్ కుబ్లా ఖాన్ ఎ స్టేట్లీ ప్లెజర్ డోమ్ డిక్రీ" అని ఉంది. డిడ్ ముందుకొచ్చేసింది, డిక్రీ ఎక్కడో చివర్లో ఉంది, సబ్జెక్ట్ ఆబ్జెక్ట్ రెండూ మధ్యలో ఇరుక్కున్నాయి, పోనీ అక్కడ నాట్ ఉందా నెవర్ ఉందా అంటే అవీ లేవు. మనం వరస మారిస్తే మార్కు కట్, వాళ్ళు మారిస్తే పోయెట్రీనా?

ఉప్పల్_భాయ్:
తమ్మీ, ముందుగాల ఎగ్జామ్ సంగతి చూస్కో, కోల్‌రిడ్జ్ ఎక్కడికి పోడు. నెవర్, సెల్డమ్, హార్డ్లీ, నో సూనర్, నాట్ ఓన్లీ, అసొంటివి మొదట్ల కూసుంటె హెల్పింగ్ వర్బ్ సబ్జెక్ట్ కన్న ముందుకొస్తది. హెల్పింగ్ వర్బ్ లేకుంటె డూ, డజ్, డిడ్‌ల ఒకటి తెచ్చి పెడ్తరు, గప్పుడు అసలు వర్బ్ సాదా ఫామ్‌ల ఉండాలె, "డిడ్ హీ పాస్డ్" అని ఇచ్చి మోసం చేస్తరు చూడు. నో సూనర్‌కు జోడి దన్, హార్డ్లీకి వెన్, ఇది రాసి గోడకు అతికించుకో. ఓన్లీతోని జర పైలం. "ఓన్లీ రవి కేమ్" అన్నప్పుడు ఏం తిరగది, ఎందుకంటె ఆ ఓన్లీ సబ్జెక్ట్‌దే. "ఓన్లీ దెన్ డిడ్ రవి కమ్" కాడ తిరుగుతది. అన్నిటికన్న డేంజర్ నాట్ అంటిల్, "నాట్ అంటిల్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ వి లీవ్", వాన ముక్క సీదా ఉంటది, మనం బయల్దేరిన ముక్క తిరుగుతది. చానమంది వాన కాడనే తిప్పేస్తరు.

తార్నాక_టీచరమ్మ:
భాయ్ చెప్పింది కరెక్టే, కానీ హరి అడిగింది ఎందుకు అని. నేను డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తాను, ఈ ప్రశ్న అడిగేవాళ్ళు దొరకడమే కష్టం.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్‌లో మనకి ని, కి ఉన్నట్టే పేర్ల చివర విభక్తులు ఉండేవి. రాముడు రావణుణ్ణి చంపాడు అన్నా, రావణుణ్ణి చంపాడు రాముడు అన్నా చచ్చింది రావణుడే కదా, వరసతో పని లేదు. వాళ్ళకి ఆ విభక్తులు మెల్లగా అరిగిపోయాయి, దాంతో ఎవరు కొట్టారు ఎవరు తిన్నారు అని తెలియాలంటే వరస ఒక్కటే దిక్కయింది, వర్బ్‌కి ముందున్నవాడు కొట్టినవాడు, వెనకున్నవాడు తిన్నవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది అప్పట్లో. వాక్యం మొదట్లో ఏ ముక్కైనా పెట్టుకో, నిన్న గానీ అక్కడ గానీ, చాలాసార్లు రెండో సీటు మాత్రం వర్బ్‌కే, సబ్జెక్ట్ ఆ తర్వాత. జర్మన్‌లో ఇవాళ్టికీ ఇదే. ఇంగ్లిష్ ఆ అలవాటు దాదాపు మానేసింది కానీ ప్రశ్నల్లోనూ, నెవర్ లాంటివి ముందుకొచ్చినప్పుడూ అది అలాగే మిగిలిపోయింది, నీ నాట్ ఓన్లీ డిడ్ హీ ఆ పాత ఇంటి సామానే. "హియర్ కమ్స్ ద బస్" కూడా ఆ బాపతే, కాకపోతే బస్ తీసేసి ఇట్ పెడితే "హియర్ ఇట్ కమ్స్" అయిపోతుంది, సర్వనామం వస్తే తిరగదు.

ఇక డిడ్. షేక్‌స్పియర్ రోజులకి ఈ డూ ఇంకా కుదురుకోలేదు, "ఐ నో నాట్" అనేవాళ్ళు, "ఐ డూ నాట్ నో" అనీ అనేవాళ్ళు, ఆయన నాటకాల్లో రెండూ ఉంటాయి. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఎక్కువ పాత పద్ధతే. నాట్ లేకుండా, ప్రశ్న కాకుండా, ఊరికే మామూలు వాక్యంలో కూడా డిడ్ పెట్టేవాళ్ళు అప్పుడు. కాబట్టి డిడ్ డిక్రీ అంటే డిక్రీడ్ అనే, ఇంకేం లేదు. కోల్‌రిడ్జ్ పద్యం అచ్చయింది 1816లో, అప్పటికే అది పాతకాలపు మాట తీరు, ఆ రాజుగారి కథకి ఆ వాసన బాగానే సరిపోయింది. ఇన్ జనడూ ఒకటి, డిడ్ రెండు, కుబ్లా ఖాన్ మూడు, చూశావా అదే పాత వరస. డిక్రీని చివరికి తోసింది మాత్రం రైమ్ కోసం, కింద సీ అని వస్తుంది. జర్మన్ వాళ్ళకి ఈ వాక్యం అస్సలు వింతగా అనిపించదు, డోమ్ తర్వాత డిక్రీ రావడం మనకీ వింత కాకూడదు నిజానికి, భవనం కట్టమన్నాడు అని క్రియ చివర్లోనే కదా మనం చెప్పేది.

పాతపుస్తకాల_పిచ్చోడు:
మేడమ్ బాగా చెప్పారు. నా మాట ఒకటే, స్కూల్లో తెలుగు మాస్టార్లు పద్యానికి అన్వయం చెప్పేవాళ్ళు కదా, ఇంగ్లిష్ పాత పోయెట్రీకి కూడా అదే చెయ్యాలి, ముందు క్రియ వెతుక్కోవాలి, తర్వాత కర్త, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. మిల్టన్ పారడైజ్ లాస్ట్ 1667లో వచ్చింది, మొదటి లైన్ "ఆఫ్ మ్యాన్స్ ఫస్ట్ డిసొబీడియెన్స్" అని మొదలెడతాడు, ఆ పండు, చావు, ఏదెను తోట పోవడం అన్నీ పేర్చుకుంటూ పోయి ఆరో లైన్‌లో గానీ "సింగ్" అనే క్రియ రాదు, పాడు తల్లీ అని దేవతని అడగడానికి ఇంత సేపు. మనవాళ్ళకి ఇది భయపెట్టే సంగతి కాదు, పోతన "ఎవ్వనిచే జనించు" అని మొదలుపెట్టి ఎవ్వడు ఎవ్వడు అని ఊరిస్తూ చిట్టచివరికి కదా "వేడెదన్" అంటాడు. ఇంగ్లిష్ పోయెట్రీ మనకి రాదు అని భయపడేవాళ్ళు గజేంద్రమోక్షం మాత్రం చిన్నప్పుడే బట్టీ పట్టేసి ఉంటారు, అదే తమాషా. అయినా అన్నిటికీ రూల్ వెతకొద్దు, కొన్నిచోట్ల కవికి లయ కుదరక అటు తోశాడంతే.

హాస్టల్_హరి:
థాంక్యూ మేడమ్, థాంక్యూ అన్నా. అయితే అన్వయం ట్రై చేశా, అదే బుక్‌లో థామస్ గ్రే ఎలిజీ ఉంది, వంశాల గొప్ప, అధికారం దర్పం, అందం, డబ్బు ఇచ్చినవన్నీ అని చెప్పి "అవెయిట్ అలైక్ ది ఇనెవిటబుల్ అవర్" అంటాడు. క్రియ అవెయిట్, కర్త ఆ గొప్పలన్నీ, అవన్నీ చావు గడియ కోసం వెయిట్ చేస్తున్నాయని. కరెక్టేనా?

తార్నాక_టీచరమ్మ:
గ్రే రాసింది అది కాదు. 1751లో అచ్చయినప్పుడు అక్కడ "అవెయిట్స్" అని ఉంది. ఆ ఒక్క ఎస్ వల్ల కర్త ఏకవచనం అవ్వాలి, అంటే ఎదురుచూసేది గొప్పలు కాదు, ఆ గడియే వీటన్నిటి కోసం కాచుకుని ఉంది, కర్త చివర్లో దాక్కున్నాడు. గొప్పోళ్ళెవరైనా చావు కోసం ఎదురుచూస్తారా చెప్పు, అదే వాళ్ళ కోసం ఎదురుచూస్తుంది. ఇందాక విభక్తి అన్నానే, అది పోయాక ఇంగ్లిష్‌లో ఇలాంటి చిన్న ఎస్ మీదే అర్థం అంతా నిలబడుతుంది ఒక్కోసారి. చాలా ప్రింట్‌లలో అది ఎగిరిపోయింది. నీ బుక్‌లో నిజంగానే లేదా?

హాస్టల్_హరి:
మళ్ళీ చూశా మేడమ్, లేదు, అవెయిట్ అనే ఉంది.

ఉప్పల్_భాయ్:
చూసినవా తమ్మీ, ఎర్రర్ స్పాటింగ్ బుక్కులనే దొరికింది. పెన్నుతోని ఎస్ రాసుకో.